పద్నాలుగు అడుగులు

ఆ ఉదయం పక్కస్థలంలో పైపుల వ్యాపారం చేసే ఆసామి అంగుళమ్మ దగ్గర టేపు అరువు తీసుకున్నాడు.

అంగుళమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. చొక్కా గుడ్డలో అంగుళం మిగిలినా చుట్ట చుట్టి తిరిగి చేతిలో పెట్టే దర్జీ ఆమె. కొలత తప్పిందని ఎవరైనా గొణిగితే మనిషిని అక్కడికక్కడే నిలబెట్టి, ఊపిరి వదలమని, మళ్ళీ కొలిచి, తేడా గుడ్డలో లేదనీ పొట్టలో ఉందనీ ఒప్పించి పంపుతుంది. రోడ్డు వారనే ఆమె రేకుల కొట్టు. కుడి మూలన గుంజకు బదులు ఎప్పటిదో ఒక రాతి స్తంభం ఉంది. దానిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప కొక్కేనికి పద్దెనిమిదేళ్ళుగా ఆమె కత్తెర వేలాడుతోంది. కొట్టులోనే ఓ పక్కన కాజాల పిన్ని కూర్చుంటుంది. ఎడమవైపు, మోకాలెత్తున విరిగిన ఒక రాతి దిమ్మె పక్కన, ఇస్త్రీ బాబాయి బండి. కాలే పెట్టెను ఆ దిమ్మె మీదికే దించుకుంటాడు. ఆమె కుట్టిన చొక్కాకు పిన్ని కాజాలు తీస్తుంది, బాబాయి ఇస్త్రీ చేసి మడత పెడతాడు. ముగ్గురూ రక్తసంబంధీకులు కారు. ఒకే చొక్కా ముగ్గురి చేతుల మీదుగా పోవడమే చుట్టరికం.

ఆసామి కొట్టు ముందు అటూ ఇటూ కొలిచి, టేపును పురికొసలా ఉండ చుట్టి తిరిగిచ్చాడు. ఆమె దాన్ని విప్పి, నిమిరి, మెడలో వేసుకునేలోపే జేబులోంచి ఒక రంగు కాగితం తీసి మిషను బల్ల మీద పరిచాడు.

"ఇది నేను గీయించింది కాదమ్మా. ప్రభుత్వం తన నేలా తన భవనాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో జనానికి తెలియాలని పెట్టిన పటం. కంప్యూటరులో ఎవరైనా చూసుకోవచ్చు. మీ కొట్టు నా గీతలో పడింది."

పటంలో అతని స్థలం పసుపురంగు. ఆ పసుపు ఎడమవైపు ఇంటి గోడదాకా పోయి ఆనుకుంది. మధ్యలో ఖాళీ అన్నది లేదు. కొట్టూ, కొట్టు వెనక అతను పైపులు పేర్చుకున్న సందూ, అంతా పసుపే. ఆ సందు ప్రభుత్వానిదని వీధిలో అందరికీ తెలుసు, కానీ ఎలా తెలుసో ఎవరికీ తెలియదు. ఎనిమిది రోజులు గడువిస్తున్నానని, మర్యాదగా చెబుతున్నానని, అతను నిజంగా మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

పిన్ని సూదిలో దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పింది. బాబాయి ఇస్త్రీ పెట్టె దించడం మరిచిపోయి ఎవరిదో తెల్లచొక్కా కాలర్ని గోధుమరంగుకు తెచ్చాడు. ఈ వీధిలో కాకపోతే ఇంకెక్కడ కూర్చుంటాం అన్న మాట ఇద్దరి నాలుకల మీదా ఉంది. అంగుళమ్మ మాత్రం ఆసామి మాటల్లోంచి ఒక్క మాట ఏరుకుని, దాన్నే పట్టుకుంది.

"ఎవరైనా చూసుకోవచ్చన్నాడు కదా. ఎవరైనా అంటే నేను కూడానే."

*

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు పెద్దలు. అంగుళమ్మ ఆడపడుచు మాత్రం వీధి చివరి గ్రంథాలయంలో కంప్యూటర్ల గదికి పెత్తందారు. ఇంటికొచ్చినా పెత్తనం అంతవరకే. సాయంత్రం వదిన గుమ్మంలో కనబడగానే ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"ఇన్నేళ్ళకు మా గ్రంథాలయం గుర్తొచ్చిందా వదినా? ఏ పుస్తకం కావాలేమిటి?"

"పుస్తకం కాదు అమ్మాయ్. నేల కావాలి."

తెర మీద ఊరు పరుచుకుంది, తాను విప్పి బల్ల మీద విసిరినట్టు. వీధులు సన్నని జరీ గీతల్లా, ఇళ్ళు చిన్నచిన్న గళ్ళలా ఉన్నాయి. మధ్య మధ్య పచ్చని అతుకులు. పచ్చగా ఉన్నవన్నీ ప్రభుత్వానివని ఆడపడుచు చెప్పింది. పచ్చ మీద నొక్కితే ఒక చీటీ తెరుచుకుంటుందనీ, అందులో ఆ ఆస్తి ఎవరి శాఖది, ఎంత విస్తీర్ణం, దేనికి వాడుతున్నారు, దారి ఉందా లేదా, అన్నీ ఉంటాయనీ చూపించింది. మౌసు అనే ఎలుకను వదిన చేతికిచ్చింది. మొదట ఊరు చేతిలోంచి జారి ఎటో వెళ్ళిపోయింది, నదిలో పడింది, తిరిగొచ్చింది. మిషను పాదం కింద గుడ్డ నడిపిన చేతికి పటం నడపడం ఎంతసేపు? పావుగంటలో అంగుళమ్మ ఊరంతా తిరిగేసింది.

నీళ్ళ ట్యాంకు కింద ఎకరం పచ్చ. మూసేసిన ఆసుపత్రి వెనక ఇంకో భవనం ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. మూడు రోడ్లు కలిసే చోట ముగ్గురు మనుషులు నిలబడితే నిండిపోయే ముక్కోణపు నేలముక్క ఒకటి కనబడింది. దానికీ ఒక నంబరు, దానికీ ఒక చీటీ.

"ఇదీ ప్రభుత్వానిదేనా?"

"ప్రభుత్వానిదే."

"అంటే మనదే కదా."

ఆ గదిలో ఏళ్ళుగా కూర్చుంటున్నా ఆడపడుచు ఆ పచ్చను ఎప్పుడూ అలా చూడలేదు.

చివరికి తన వీధికి వచ్చింది అంగుళమ్మ. పసుపు అలాగే ఉంది, అందులో వేలిగోరంత తన రేకుల కప్పు. కానీ ఆ కప్పుకు వెనక, పైపుల సందు చివర, నలువైపులా ఇతరుల గళ్ళ మధ్య ఇరుక్కుని, పెద్ద పచ్చ దీర్ఘచతురస్రం ఒకటుంది. కొట్టులోంచి రోజూ కనబడే పెంకుల కప్పు అది. ఆసామిదే అనుకుంది ఇన్నాళ్ళూ. దాని మీద నొక్కింది.

పాత విత్తనాల గిడ్డంగి. మూడువేల రెండువందల చదరపు అడుగులు. వినియోగం: లేదు. దారి: లేదు.

"దారి లేకుండా గిడ్డంగి ఎవడు కట్టాడమ్మాయ్? విత్తనాలు గాల్లో ఎగురుకుంటూ వచ్చాయా?"

ఆడపడుచుకు నవ్వొచ్చింది కానీ తెరకు ఇంకా దగ్గరగా జరిగింది. వాడకంలో లేని ఇలాంటి భవనాలను చేతిపనుల వాళ్ళ సంఘాలకు ఇస్తారని, కాకపోతే దారి లేనివాటిని ఆ జాబితాలోకే ఎక్కించరని చెప్పింది. అంగుళమ్మకు ఆ చీటీ చంక మూసేసి చేయి కుట్టిన చొక్కాలా కనబడింది. గుడ్డ ఉంది, కొలత ఉంది, చేయి దూరే తోవ లేదు.

పటంలో దూరాలు కొలిచే గీత ఒకటుందని తెలిశాక ఆమె లేవలేదు. వీధి మొదటి మూలనున్న కల్వర్టు గోడ నుంచి చివరి మూల దీపస్తంభం దాకా గీత లాగించింది. నూటఎనభైయారు అడుగులు. ఆ అంకెను సుద్దబిళ్ళతో అరచేతి మీద రాసుకుని, దారిలో ఎక్కడా చేయి మూయకుండా ఇంటికి నడిచింది.

*

మర్నాడు దుకాణాలు తెరవకముందే పాత టేపులన్నీ బయటికి వచ్చాయి. ఒక్కోటి ఐదడుగులు. పదింటిని ఏరి, కొసకు కొస పెట్టి, మిషను మీద జోరుగా కుట్టేసింది. యాభై అడుగుల టేపు. ఒక కొస పిన్ని పట్టుకుంది, ఒక కొస బాబాయి. మధ్యలో వంగకుండా చూసుకుంటూ అంగుళమ్మ పక్కనే నడిచింది. పాలబండి వాడు ఆగి, రోడ్డుకు చొక్కా కుడుతున్నారా అని అడిగాడు. కొలతలైతే తీసుకుంటున్నాం, గుడ్డ నువ్వు తెచ్చుకో అన్నాడు బాబాయి.

నాలుగు నిండు టేపులు, పైన అడుగున్నర. అంటే రెండువందల ఒకటిన్నర అడుగులు.

పటం నూటఎనభైయారంటోంది. నేల రెండువందల ఒకటిన్నర అంటోంది. అంగుళమ్మ గుండె మిషను చక్రంలా తిరిగింది. అయినా ఆమె ఆమే కదా. కొట్టుకొచ్చీ రాగానే ఆ కుట్టిన టేపును తన కత్తిరింపు బల్ల మీద పరిచింది. బల్ల కచ్చితంగా ఆరడుగులు, వడ్రంగి దగ్గర తనే నిలబడి కోయించింది. టేపు ఆరడుగుల అరంగుళం చూపించింది.

మళ్ళీ పరిచింది. మళ్ళీ అదే. ముక్కు బల్లకు ఆనేంత వంగి చూసింది. అతుకు దగ్గర, తను పద్దెనిమిదేళ్ళుగా ప్రతి గుడ్డకూ వదిలినట్టే, కుట్టుకని అరంగుళం వదిలి, ఒక కొస మీదికి ఇంకో కొసను ఎక్కించి కుట్టింది. టేపును కూడా గుడ్డలాగే కుట్టింది. ప్రతి అతుకూ అరంగుళం మింగేసి ఏమీ ఎరగనట్టు పడుకుంది.

పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. కొలత తప్పిందంటే ఊళ్ళో వాళ్ళ పొట్టలన్నిటికీ తప్పు రాసిన మనిషికి, ఇవాళ టేపుకే పొట్ట వచ్చిందంది. అంగుళమ్మ ఆ ఎగతాళి వినలేదు. సుద్దతో లెక్క వేస్తోంది. పది టేపులకు తొమ్మిది అతుకులు, నాలుగున్నర అంగుళాలు. నాలుగుసార్లు పరిచాం కాబట్టి పద్దెనిమిది అంగుళాలు. అడుగున్నర తీసేస్తే అసలు వీధి రెండువందల అడుగులు, అంగుళం కూడా అటూ ఇటూ లేదు.

పటానికీ నేలకూ తేడా పద్నాలుగు అడుగులు.

ఆమె సుద్దబిళ్ళ దించేసింది. తన టేపులో పోయిన అరంగుళం గాల్లో కలవలేదు, కుట్టులో ఉంది. మరి ఈ పద్నాలుగు అడుగులు ఏ కుట్టులో ఉన్నట్టు?

ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండానే గ్రంథాలయానికి పరుగెత్తింది. ఆడపడుచు కూడా తన డబ్బా మూసేసింది. పటానికి పొరలు ఉంటాయని, లోపొరలో మొదటి కాలపు కొలతల పటాన్ని కూడా ఫొటో తీసి అతికించారని, నిన్న చెప్పడం మరిచానని ఆమె అంటూనే రంగులన్నీ తీసేసింది. కింది నుంచి పాత కాగితం తేలింది: గోధుమరంగు, చేతి గీతలు, రోడ్డుకు అటూ ఇటూ వరసగా చెట్లకు గుర్తుగా గీసిన చిన్న సున్నాలు.

గళ్ళచొక్కా కుట్టేవాళ్ళకు ఒక కన్ను ఎక్కువ ఉంటుంది. జేబు గడి చొక్కా గడితో కలవకపోతే నూరడుగుల దూరం నుంచి కనిపెడతారు. అంగుళమ్మ తెర మీద వేలు పెట్టింది.

"ఇక్కడ చూడు. సున్నా సగమే ఉంది. దాని పక్కన ఇంకో సగం ఉంది, కానీ ఇది దాని సగం కాదు, వేరే చెట్టుది. రోడ్డు గీత కూడా ఇక్కడికొచ్చి వెంట్రుకవాసి కిందికి దిగింది. గడి తప్పింది అమ్మాయ్. గుడ్డ లోపలికి పోయింది."

ఆడపడుచు ఆ చోటును పెద్దది చేసింది. పై నుంచి కిందిదాకా సన్నని నీడ గీత. ఆ కాలంలో పటాలను గుడ్డ మీద అంటించి ఎనిమిది మడతలు పెట్టేవారని ఆమెకు ఎక్కడో చదివిన గుర్తు. ఫొటో తీసినవాళ్ళు ఒక మడతను పూర్తిగా విప్పలేదు. కంప్యూటరు దాని మీదే గళ్ళు గీసింది. మడత లోపలున్నది లోపలే ఉండిపోయింది, అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకరి గోడకు ఒకరు ఆనుకుపోయారు.

వదినా ఆడపడుచులు ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. పక్కబల్ల దగ్గర పత్రిక చదువుకుంటున్న పెద్దమనిషి గట్టిగా దగ్గితే ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు, కళ్ళు మాత్రం మూతపడలేదు. పటం కింద 'తప్పు చూపండి' అన్న మీట ఉంది. కొలతలు, ఫొటోలు, మడతగీత బొమ్మ అన్నీ జతచేశాక ఆడపడుచు ఎలుకను వదిన వైపు జరిపింది. అంగుళమ్మ చీరకొంగుకు చేయి తుడుచుకుని నొక్కింది. ఆసామి పసుపు మీద ఒక నారింజ చుక్క వెలిగింది. పరిశీలనలో ఉందని దాని అర్థం. ఊళ్ళో ఎవరు చూసినా కనబడుతుంది.

*

మూడో రోజు భూమి కొలతల కార్యాలయం నుంచి కబురొచ్చింది. అసలు పటం తీయించామని, అర్జీదారు వచ్చి చూడవచ్చని. అంగుళమ్మ ఒక్కతే వెళ్ళింది.

సర్వేయరు పదవీ విరమణకు దగ్గర పడిన మనిషి. పటం మోసుకొచ్చిన తీరులోనే ఆమెకు అతని మీద గురి కుదిరింది. అతను దాన్ని మడిచిన చీరలా రెండు చేతుల మీదా పెట్టుకుని తెచ్చాడు. బల్ల మీద ఒక్కో మడతా విప్పుతూ, ఇది ఎవరికైనా కనబడుతుందని నేను అనుకోలేదమ్మా, మీరేం చదువుకున్నారు అని అడిగాడు. గళ్ళచొక్కాలు అంది ఆమె. అతను తలెత్తి చూసి, సరేనన్నట్టు తలూపాడు.

ఐదో మడత దగ్గర గుడ్డ అతుక్కుపోయింది. అతను తొందరపడలేదు. ఎముకతో చేసిన చదునైన పుల్లను మడతలోకి పోనిచ్చి, ఊదుతూ, వెంట్రుక వెంట్రుక జరిపాడు. చెట్టు సగాలు వాటి వాటి సగాలను కలుసుకున్నాయి. వాటి మధ్య, రోడ్డు నుంచి గిడ్డంగి తలుపు దాకా, రెండు చుక్కల గీతలు తిన్నగా పరుగెత్తాయి. మధ్యలో చేతిరాత: బండిబాట, పద్నాలుగు అడుగులు.

అంగుళమ్మకు అక్కడే గంతు వేయాలనిపించింది. అప్పుడు సర్వేయరు భూతద్దాన్ని బాట మొదట్లోకి జరిపాడు. రోడ్డు అంచున, గీతకొకటి చొప్పున, రెండు నల్లచుక్కలున్నాయి.

"ఇవి గేటు స్తంభాలు. రాతివి. ఒకదానికి గేటు తగిలించే ఇనుప కొక్కెం ఉంటుంది. అక్కడ అలాంటివేమైనా మిగిలాయామ్మా?"

ఆమె చేయి తనంతట తానే గాల్లోకి లేచింది, కత్తెర అందుకోబోయినట్టు. మళ్ళీ దింపుకుంది.

"చూడాలండీ" అంది.

చూడమనే అతనూ చెప్పాడు. రాళ్ళు దొరికితే బాట హద్దు ఒక్కపూటలో తేలిపోతుందని, దొరకకపోతే కాగితాన్ని బట్టి అంచనా కట్టాలని, ఆసామి ఒప్పుకోకపోతే అది ఏళ్ళమీద ఏళ్ళు సాగుతుందని. ఏడో రోజు ఉదయం వస్తానన్నాడు.

దారి పొడుగునా అంగుళమ్మ నడక కుట్టు తప్పింది. దారి మూసిన దొంగ ఎవరో అని ఊరంతా తెర మీద గాలించింది. పైపులవాడు ఆ కొస మూశాడు, నిజమే. ఈ కొసన, రెండు స్తంభాల నడుమ, సరిగ్గా బాట నోట్లో, మిషను వేసుకుని కూర్చున్నది ఎవరు? ఎవరిదీ అంగుళం కూడా తన దగ్గర ఉంచుకోని మనిషి, ఈ పూట మొదటిసారి ఒక మాట మింగింది.

*

నారింజ చుక్కను ఆసామీ చూశాడు. ఐదో రోజు సాయంత్రం వచ్చినప్పుడు అతని మర్యాద ఇంకో పొర మందమైంది. పిన్ని లేచి ముక్కాలిపీట ఇచ్చింది. గొడవలెందుకమ్మా అని మొదలుపెట్టాడతను. ఆ అర్జీ వెనక్కి తీసుకుంటే కొట్టు ఉన్నచోటే ఉంటుందని, ముగ్గురినీ ఎవరూ కదపకుండా తనే కాగితం రాసి సంతకం పెడతానని, అద్దె మాటే లేదని.

పిన్ని చేతిలో సూది ఆగింది. బాబాయి పెట్టె దించాడు, విరిగిన దిమ్మె మీదికే. అంగుళమ్మ చూపు ఆ దిమ్మె మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి తన నెత్తి పక్కనున్న కొక్కెం దగ్గరికి వచ్చింది. అడిగినదానికన్నా ఎక్కువే ఇస్తున్నాడు. తను చేయవలసిందల్లా, చూశాను, రాళ్ళేమీ లేవు అనడమే.

"కాగితంలో ఎన్ని అడుగులని రాస్తారు?" అని అడిగింది.

"మీరు ఎన్నంటే అన్ని."

అంగుళమ్మ మెడలో టేపు సరిచేసుకుంది. "కొలత అట్లా చెప్పేవాడికి నేను లాగూ కూడా కుట్టనయ్యా. సర్వేయరుగారు ఏడో రోజు వస్తారు. మీరూ రండి."

అతను వెళ్ళాక ఆమె మిగతాది దాచలేదు. కత్తెర తీసి కొక్కెం చూపించింది. దిమ్మె చూపించింది. మడతలో చూసిన రెండు చుక్కల సంగతి చెప్పింది. బాబాయి దిమ్మె మీంచి పెట్టెను గబుక్కున ఎత్తేశాడు, నిద్రపోతున్నవాణ్ణి కాల్చినట్టు. ఇన్నేళ్ళూ తను గేటు నెత్తిన నిప్పులు పెడుతున్నాడా అని ఆ రాతిని చేత్తో తుడిచాడు.

పిన్ని నవ్వలేదు. ఆమె వయసుకు కొత్త వీధి అంటే కొత్త దేశం.

"అయితే మనం లేవాలన్నమాట. లేస్తే ఆ గిడ్డంగి మనకిస్తారా?"

"ఇస్తారని చెప్పలేను పిన్నీ. అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. దారి లేకపోతే ఎవరికీ ఇవ్వరని మాత్రం చెప్పగలను."

పిన్ని చేతిలోని కాజా పూర్తి చేసి, ముడి వేసి, దారం పంటితో తెంపింది.

"తప్పు కుట్టు పడ్డాక ఎంత ముందు విప్పితే గుడ్డకు అంత మంచిదని నువ్వే కదే నన్ను తినేస్తావు. విప్పు మరి."

*

ఏడో రోజు పొద్దున్నే విప్పారు. బాబాయి మేకులు పీకితే పిన్ని వాటిని కాజాల డబ్బాలో ఏరింది. మొదటి రేకు దిగగానే కొట్టులోకి ఎప్పుడూ రాని వెలుతురు వచ్చింది. పద్దెనిమిదేళ్ళ దారం ముక్కలు, రంగురంగులవి, నేల మీద మెరిశాయి. మిషనును నలుగురు పట్టి ఇస్త్రీ బండి పక్కకు, బాట గీతకు అవతలికి, మోశారు. ఆ నలుగురిలో పాలబండివాడు ఒకడు. అంగుళం వదలని మనిషి ఏకంగా పద్నాలుగు అడుగులు వదిలేసింది చూడండని వీధికంతటికీ చాటాడు. ఆడపడుచు సెలవు పెట్టి వచ్చింది. వదిన చేస్తున్న పని చూసి ఎగతాళికి తెరిచిన నోరు మూసి, రెండో రేకు కింద భుజం పెట్టింది.

సర్వేయరు వచ్చేసరికి రెండు స్తంభాలూ ఎదురెదురుగా, మధ్యలో ఏమీ లేకుండా నిలబడి ఉన్నాయి. ఒకటి నిలువెత్తున, ఒకటి విరిగి. అతను కొక్కేన్ని బొటనవేలితో తడిమాడు. అది అరిగి నున్నగా మెరుస్తోంది. ఆ మెరుపు దేనివల్ల వచ్చిందో అతను అడగలేదు. ఆమె చేతిలోని కత్తెరను మాత్రం ఒకసారి చూశాడు.

ఉక్కుటేపు కొసను ఆమె పట్టుకుంది. అతను విరిగిన దిమ్మె దగ్గర వంగి చదివాడు. పద్నాలుగు అడుగుల అరంగుళం. రోడ్డు మీద నిలబడ్డ ఆసామి ముఖంలో చిన్న కదలిక కనబడింది.

"మధ్యలో వాలింది సార్" అంది అంగుళమ్మ. "కొంచెం బిగించండి."

అతను బిగించి మళ్ళీ చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంకోసారి చూశాడు.

"పద్నాలుగు. సరిగ్గా."

ఆసామి వాదించలేదు. పైపులు తీయడానికి పదిహేను రోజులు కావాలన్నాడు, సర్వేయరు రాసుకున్నాడు. పైపుల మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందుంది. ముందు సర్వేయరు, వెనక అంగుళమ్మ, ఆమె వెనక కొంగు దోపుకుని పిన్ని, గిడ్డంగి దాకా వెళ్ళారు. తలుపు చాలా పెద్దది, బండి లోపలికి పోయేంత. పలకల సందుల్లోంచి చూస్తే లోపల పొడవాటి ఖాళీ, పెంకుల కంతల్లోంచి నేల మీదికి వరసగా దిగిన ఎండ బిళ్ళలు. పిన్ని ఆ సందుకు కన్ను ఆనించి ఎంతకీ తీయలేదు. ఆ కిటికీ కింద కాజాలకు వెలుతురు బాగుంటుంది అంది చివరికి, ఇంకెవరితోనో కాదు, తనతో తానే.

పదో రోజున పటం మారింది. పసుపు పక్కకు జరిగింది. రోడ్డు నుంచి గిడ్డంగి దాకా సన్నని పచ్చ పట్టీ, అంచు కుట్టినట్టు. వదినా ఆడపడుచులు చీటీ తెరిచి చదివారు, పత్రికల పెద్దమనిషి కూడా వచ్చి వాళ్ళ భుజాల మీంచి చదివాడు. దారి: ఉంది. ఆ కిందే అర్జీల వరస మొదలైంది. అది కూడా అందరికీ కనబడుతుంది. అప్పటికే పదకొండు చేరాయి. కుండలు చేసేవాళ్ళవి, బుట్టలల్లేవాళ్ళవి, ఎవరివో పుస్తకాల బైండింగువాళ్ళవి. అంగుళమ్మ ఒక్కో పేరూ చదివింది, ఇన్ని చేతులు ఈ ఊళ్ళో కూర్చునే చోటు లేక ఉన్నాయా అంది. పన్నెండోది ముగ్గురి పేర్లతో నింపారు. ఎన్ని చదరపు అడుగులు కావాలన్న గడి దగ్గర ఆడపడుచు, మొత్తం అడుగుదామా వదినా అంది. అంగుళమ్మ మిషను, బల్ల, పిన్ని పీట, బాబాయి బండి, మనిషి మసిలే జాగా లెక్క కట్టింది. నూటఇరవై అని రాయించింది. మిగతా పదకొండుమందీ అలాగే కొలుచుకుని అడిగితే అందరూ పడతారంది.

మర్నాడు ఎండ ఎక్కుతుండగా, బండి పక్కన ఆరుబయట, ఆమె ఒక చొక్కా చేయి కత్తిరిస్తోంది. బాట మీద నుంచి పైపులు మోసే బండి చప్పుడు చేస్తూ బయటికి వస్తోంది. చేయి కోయడం అయింది. అలవాటుగా, చూడకుండానే, కత్తెరను పక్కకు చాచింది. స్తంభం ఇప్పుడు మూడు బారల దూరంలో ఉంది. గాల్లో ఆగిన కత్తెరను వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

కొక్కెం ఎండలో మెరుస్తోంది. దానికి తగిలించవలసింది గేటు.